పాత లేతు బేరము

బాలానగరు మొదలుకొని జీడిమెట్ల వఱకు హైదరాబాదునకు ఉత్తరపు దిక్కున వ్యాపించియున్న పారిశ్రామికవాడలలో, కంప్యూటరు ఆజ్ఞకు లోబడి తనంత తానే పనిచేయు సి.ఎన్.సి. యంత్రము ఒక్కొక్క షెడ్డున ప్రవేశించిన కొలది, అంతకు పూర్వము ఆ షెడ్డునకు అన్నము పెట్టిన చేతి లేతు గోడవారకు జరుగును. కొంతకాలము దానిపై గోనెసంచులును టీ గ్లాసులును నిలుచును. పిమ్మట పాత యంత్రముల వర్తకుడు వచ్చి దానిని ఇనుపతూకము లెక్కకు కొనిపోయి, నాలుగు చోట్ల తుడిచి, రెండు పూతలు పచ్చరంగు పూసి, సికిందరాబాదు రాణీగంజిలోనో విజయవాడ ఆటోనగరులోనో తన కొట్టు ముందు నిలబెట్టును. ఉద్యోగవిరమణ చేసిన ఇంజనీరో, చిన్న ఆవిరియంత్రముల నమూనాలు చేయ ముచ్చటపడు ఉపాధ్యాయుడో, పాత మోటారుసైకిలునకు దొరకని భాగములను తానే తయారుచేసికొనవలెనను యువకుడో దానిని చూచి ఆగును. అతడు కొనదలచినది యంత్రమే అయినను, నిజమునకు బేరము జరుగునది ఆ యంత్రము గడపిన ముప్పది నలువది యేండ్ల జీవితమునకు. అందులో మరమ్మతునకు లొంగునదేది, లొంగనిదేది అను వివేచనయే కొనుగోలుదారునకు కావలసిన విద్య. తక్కినదంతయు వర్తకుని మాటకారితనము.

తిరుగుచున్న వస్తువునకు ఉలి నానించి గుండ్రముగ చెక్కుట మన ప్రాంతమునకు కొత్త కాదు. వరాహానదీ తీరమున ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱను తరిమెన పట్టి, తిరుగుచుండగనే లక్క అద్ది, బొమ్మలు చేయువారు నేటికిని ఉన్నారు. అచట ఉలిని పట్టునది మనుష్యుని చేయి. లోహమును చెక్కు లేతునందు ఆ పట్టును యంత్రమే పూనినది. లండనునందు జోసెఫ్ బ్రామా యొక్క తాళముల కర్మశాలలో పనిచేసి, జీతము విషయమున పొసగక 1797లో బయటికి వచ్చిన హెన్రీ మాడ్స్‌లే, ఉలిని గట్టిగ బిగించు స్లైడును, దానిని నిశ్చితమైన వేగముతో నడపు లీడ్ స్క్రూను, వస్తువును త్రిప్పు స్పిండిల్‌నకును ఆ స్క్రూకును నడుమ మార్చదగిన పండ్లచక్రములను ఒకే ఇనుపచట్రముపై కూర్చెను. అట్టి ఏర్పాట్లు అతనికి పూర్వము వేఱువేఱుగ లేకపోలేదు గాని, నేడు మన కొట్టు ముందు నిలిచిన లేతు ఆనవాలు పట్టదగిన రూపమున కనబడునది అతని యంత్రమునందే. ఈ చరిత్ర నిచట చెప్పుట అలంకారమునకు కాదు: చట్రము, స్లైడు, స్క్రూ, చక్రములు అను ఈ నాలుగింటిలోనే పాత లేతు గుణదోషములలో పెక్కు దాగియుండును.

మన దేశపు పాత లేతులలో పేరుగన్నవి రెండు వంశములు. తుంగభద్రాతీరమున హరిహరమునందు 1941లో వెలసిన మైసూరు కిర్లోస్కరు వారివి మొదటివి. 1953లో బెంగుళూరున స్థాపితమైన హిందూస్థాన్ మెషిన్ టూల్స్, అనగా హెచ్.ఎం.టి. వారివి రెండవవి. ఈ రెండవ సంస్థకు హైదరాబాదునందును ఒక కర్మాగారము కలదు. సికిందరాబాదునందు 1943లో పుట్టిన ప్రాగా టూల్సును తదనంతరము దానిలోనే చేరినది. అందుచేత ఈ నగరమునందలి వృద్ధులైన టర్నర్లకు ఈ యంత్రముల స్వభావము ఇంటి మనుష్యుల స్వభావమువలె తెలియును. వీనికి క్రింది తరగతివి పంజాబునందలి బటాలా, లూధియానాలలోను, గుజరాతునందలి రాజకోటలోను చిన్న ఫౌండ్రీలు పోతపోసి పంపిన తేలికపాటి లేతులు. వీనిలో బాగుగ చేసినవియును కలవు, తొందరపడి చేసినవియును కలవు. పేరును చూచి తీర్పు చెప్పుటకు వీలులేదు, ఒక్కొక్కదానిని విడివిడిగ పరీక్షింపవలసినదే. హెచ్.ఎం.టి. వారి ఎన్.హెచ్. 22 వంటిది చూడగనే ఎవనికైనను మనసు లాగును గాని, టన్నుకు ఎంతో మించిన ఆ బరువును ఇంటి వెనుక గదికి చేర్చు ఆలోచన ముందుగ చేయవలెను.

మన బజారున లేతును బెడ్డు, అనగా చట్రము, పొడవుచేత పిలుతురు: నాలుగున్నర అడుగులది, ఆఱడుగులది, ఎనిమిదడుగులది అని. ఈ లెక్క క్రొత్తవారిని తప్పుదారి పట్టించును. ఏలనన బెడ్డులో సగమునకు దగ్గరగ, చెక్కవలసిన వస్తువును, అనగా జాబ్‌ను, త్రిప్పు హెడ్ స్టాక్, దాని రెండవ కొనకు ఆనిక యిచ్చు టెయిల్ స్టాక్ ఆక్రమించుకొనును. రెండు సెంటర్ల నడుమ పట్టు జాబ్ పొడవెంత, సెంటరు ఎత్తెంత అని అడుగుట మేలు. సెంటరు ఎత్తు 165 మిల్లీమీటర్లైనచో బెడ్డుపైన 330 మిల్లీమీటర్ల వ్యాసముగల బిళ్ళ తిరుగగలదు. ఇంటి పనికి నాలుగున్నర అడుగుల లేతు ధారాళముగ చాలును. అది సుమారు అర టన్ను తూగును, ఒక హార్సుపవరు మోటారుతో నడచును. ఇంతకన్న పెద్దది కొన్నవారు దాని చుట్టును తిరుగుటకు చోటులేక గదిగోడను పగులగొట్టించుట నేను చూచితిని.

యంత్రము ఎచటినుండి వచ్చినదని అడుగుట మొహమాటపడవలసిన ప్రశ్న కాదు. పగలు రేయి ఒకే రకపు బుష్షులు వేలకొలది చేసిన లేతు, బెడ్డుపై ఒక్క జానెడు మేర లోతుగ అరిగి తక్కినచోట క్రొత్తదానివలె నుండును. చక్కెర మిల్లునందో బస్సు డిపోయందో మరమ్మతుశాలలో అప్పుడప్పుడు మాత్రమే తిరిగిన లేతు, వయసున పెద్దదైనను, అరుగుదలలో చిన్నది. ఐ.టి.ఐ. వేలములలో వచ్చినవి విచిత్రమైనవి: వానికి అరుగుదల తక్కువ, గాయములు ఎక్కువ. నేర్చుకొను పిల్లలు ఉలిని మోయు సాడిల్‌ను, జాబ్‌ను పట్టి తిరుగుచున్న చక్‌నకు తాకించిన గుర్తులు, కాంపౌండ్ స్లైడు మూలలందు ఉలిదెబ్బలు, విఱిగిన గేరు పండ్లు వానియందు కనబడును. ఆ మూటిలో నేను మరమ్మతుశాల లేతునకే మొగ్గుదును, దాని రంగు ఎంత వికారముగ నున్నను.

ఇక పరీక్ష. సంతలో ఎద్దును కొనువాడు మొదట పండ్లు పట్టి చూచినట్లు, లేతును కొనువాడు మొదట బెడ్డును చూడవలెను. సాడిల్ ఎక్కువగ తిరుగునది హెడ్ స్టాక్ దాపున. కావున అరుగుదల అచటనే అధికము. టెయిల్ స్టాక్ చివర, సాడిల్ ఎన్నడును పోని చోట, కర్మాగారమున గ్రైండ్ చేసిన నునుపో, స్క్రేపరుతో గీసిన అర్ధచంద్రపు గుర్తులో నిలిచియుండును. అచటినుండి గోటిని హెడ్ స్టాక్ వైపు జరుపుచు రాగా, సాడిల్ పరిధి మొదలగుచోట మెట్టు తగులునా అని గమనింపవలెను. పిమ్మట సాడిల్‌ను హెడ్ స్టాక్ చెంతకు తెచ్చి, దాని లాక్ బోల్టును కొంచెము బిగించి, చేతిచక్రము కష్టముమీద తిరుగునట్లు చేసి, మెల్లగ టెయిల్ స్టాక్ వైపు నడిపింపవలెను. ఆసాంతము ఒకే బిగువుతో నడచినచో బెడ్డు మంచిది. నడుమ దాటగనే బిగుసుకొని కదలకపోయినచో మొదటి భాగము అంతమేర అరిగినదనుట స్పష్టము. ఈ పరీక్షకు పనిముట్టేదియు అక్కఱలేదు, కరెంటును అక్కఱలేదు. వర్తకుడు టీ తెప్పించులోపల ముగియును.

అయినను అరుగుదల కనబడినంతనే వెనుదిరుగుట తగదు. దీనియందు ఒక సూక్ష్మము కలదు. బెడ్డు పైతలము పదోవంతు మిల్లీమీటరు అరిగి ఉలి అంతమేర క్రిందికి దిగినదనుకొందము. 25 మిల్లీమీటర్ల వ్యాసముగల కడ్డీని చెక్కునపుడు దానివలన వ్యాసమున కలుగు తేడా మిల్లీమీటరులో వెయ్యవవంతునకు లోపే. ఏలనన ఉలి దిగినది వృత్తమునకు స్పర్శరేఖ వెంట, కేంద్రమునకు దూరముగ కాదు. అదే పదోవంతు ఉలి ప్రక్కకు, అనగా మనవైపునకు జరిగెనా, వ్యాసమున రెండు పదోవంతులు పెరిగిపోవును. ఆ కడ్డీ బేరింగులో దూరదు. కనుక బెడ్డుపై ముందరి వి-ఆకారపు గట్టు వాలుతలములందు ఏర్పడిన అరుగుదల భయపడదగినది, వెనుకనున్న చదునైన పట్టీయందు గీతలును గుంటలును అంతగ లెక్కింపదగినవి కావు. కంటికి ఘోరముగ కనబడునది పనికి నిరపాయమై, కంటికి కనబడనిదే పనిని చెఱచుట ఈ యంత్రమునందు తఱచు.

అరిగిన బెడ్డును మరల గ్రైండ్ చేయింపవచ్చునని వర్తకుడు చెప్పును. చేయింపవచ్చును, నిజమే. కాని బెడ్డు తలము తగ్గిన కొలది సాడిల్ క్రుంగును. సాడిల్‌తో దాని ముందు వ్రేలాడు ఏప్రన్ క్రుంగును. ఏప్రన్‌లో లీడ్ స్క్రూను పట్టు హాఫ్ నట్ దానితో సరిపడక ఇఱుకును. సాడిల్‌ను మరల ఎత్తుటకు దాని అడుగున ప్రత్యేకమైన ప్లాస్టిక్ పట్టీ అంటించి స్క్రేప్ చేయవలెను. అట్టి పని తెలిసిన చేతులు నానాటికి తగ్గిపోవుచున్నవి. మొత్తము ఖర్చు తఱచు యంత్రపు వెలను మించును. ఇంటి కర్మశాలకు బెడ్డు గ్రైండింగు ఆశతో లేతును కొనరాదు. ఉన్నదానితో గడచునా అని మాత్రమే చూచుకొనవలెను.

బెడ్డు తరువాత స్పిండిల్. కరెంటు లేదు, మోటారు వైండింగునకు పోయినది, పట్టీ తెగినది అని సాకులు చెప్పు కొట్టులలో బేరము మొదలిడరాదు. ముసలి టర్నరు నొకనిని వెంట తీసికొనిపోయినచో ఆతడు ఈ మాటలకు లొంగడు. "కరెంటు ఇయ్యి తమ్మీ, తిప్పి చూస్తం" అని తానే స్విచ్చి దగ్గర నిలుచును. తక్కువ వేగమునుండి ఎక్కువ వేగమునకు గేర్లన్నిటిని మార్చుచు కనీసము అరగంట నడపవలెను. గేరుపండ్లు విఱిగినచో లయబద్ధమైన టకటక వినబడును. బేరింగు చెడినచో కరకర. హెడ్ స్టాక్ వెచ్చబడుట సహజము, చేయి ఆనింపలేనంత కాగుట దోషము. తరువాత ఆపి, చక్‌లో బలమైన కడ్డీ బిగించి, చక్ పైన డయల్ గేజి ముల్లు నానించి, కడ్డీని చేతితో పైకెత్తి చూడవలెను. మిల్లీమీటరులో నూఱవవంతులు రెండు మూడు కదలినచో బేరింగు బిగించి సరిచేయవచ్చును. అంతకు ఎక్కువ కదలినను, అది టేపర్ రోలర్ బేరింగులుగలదైన బాధలేదు, క్రొత్తవి బజారున దొరకును. గన్ మెటల్ బుష్షులపై తిరుగు పాత స్పిండిల్ తానే అరిగిపోయినచో మాత్రము వ్యవహారము కఠినము.

ఇట్టి పరీక్షలకు ఒక క్రమమును కొలతలను ఏర్పఱచినవాడు జర్మను ఆచార్యుడు గెయోర్గ్ ష్లెజింగరు. 1927లో ఆతడు ప్రకటించిన యంత్రపరీక్షా గ్రంథము ప్రకారము, స్పిండిల్ లోపలి టేపర్‌నందు బిగించిన పరీక్షాదండము ముక్కు దగ్గర నూఱవవంతు మిల్లీమీటరునకు మించి ఊగరాదు. యూదుడైన కారణమున 1933లో నాజీలు అతనిని చెఱపట్టిరి. ఆతడు దేశాంతరగతుడై కడకు ఇంగ్లండు చేరెను. ప్రపంచమంతటి కర్మాగారములు మాత్రము నాటికిని నేటికిని యంత్రములను స్థూలముగ ఆతని పద్ధతిననే కొలుచుచున్నవి. మన పాత లేతు ఆ కొలతకు నిలువనక్కఱలేదు. రెండింతలు మూడింతలు దాటకున్న చాలును.

అన్నిటికన్న ఎక్కువమంది ఏమఱుపాటున పోగొట్టుకొనునది నూటయిరువదియేడు పండ్ల చక్రము. మన దేశమున మెట్రిక్ కొలతల చట్టము 1956లో పుట్టి, 1958 అక్టోబరు నుండి క్రమక్రమముగ అమలైనది గాని, యంత్రశాలలలో అంగుళము అంత సులభముగ చావలేదు. నేటికిని బజారున దొరకు పాత లేతులలో అనేకము అంగుళమునకు నాలుగు మరలుగల లీడ్ స్క్రూతోనే ఉండును. అనగా దాని మరకు మరకు నడుమ దూరము 6.35 మిల్లీమీటర్లు. దానితో ఒక మిల్లీమీటరు మర చెక్కవలెనన్న, స్పిండిల్ ఒక చుట్టు తిరుగులోపల లీడ్ స్క్రూ 6.35లో ఒక వంతు మాత్రమే తిరుగవలెను. 127ను 20చే భాగించిన సరిగ 6.35 వచ్చును, కావున స్పిండిల్ వైపున 20 పండ్ల చక్రమును, స్క్రూ వైపున 127 పండ్ల చక్రమును పెట్టినచో లెక్క వెంట్రుకవాసి తప్పదు. 40 పండ్ల చక్రము పెట్టిన రెండు మిల్లీమీటర్ల మర వచ్చును. ఈ 127 అను సంఖ్య ఎవరో యిష్టము వచ్చినట్లు ఏర్పఱచినది కాదు, అంగుళమున 25.4 మిల్లీమీటర్లు ఉన్నందున, దానికి అయిదు రెట్లైన 127 పూర్ణసంఖ్య, పైగా అభాజ్యసంఖ్య. మఱి యే చిన్న చక్రముల గుణకారముచేతను దానిని సాధింపలేము.

పెద్దదగుటచే ఈ చక్రము లేతుతోబాటు డబ్బాలో ఇమడక ఎక్కడనో వేఱుగ పడియుండి, యంత్రము చేతులు మాఱునపుడు వెనుకనే ఉండిపోవును. అది లేనివారు 63 పండ్ల చక్రముతో సరిపెట్టుకొందురు; 127లో సగము 63.5 గనుక నూటికి ముప్పాతిక కంటె కొంచెమెక్కువ తప్పు వచ్చును. ఒక నట్టు మందమున ఆ తప్పు తెలియదు. జానెడు పొడవు స్క్రూ చెక్కినచో నట్టు సగములో పట్టివేయును. కనుక మార్పుచక్రములనన్నిటిని నేలపై వరుసగ పఱపించి, 20 మొదలు 120 వఱకు అయిదేసి పండ్ల తేడాతో ఏవి ఉన్నవి, ఏవి లేవు అని కాగితముపై వ్రాసికొనుట బేరమునకు ముందు చేయవలసిన పని. "అవన్నీ గోడౌన్‌లో ఉన్నాయి సార్, రేపు పంపిస్తా" అను మాటకు విలువ కట్టునపుడు, గోడౌనున ఏమియు లేదని భావించి కట్టుట క్షేమము.

తక్కినవి త్వరగ చూడవచ్చును. క్రాస్ స్లైడు చేతిచక్రమును ఇటు అటు త్రిప్పినపుడు స్లైడు కదలకుండ ఎంతమేర వదులుగ తిరుగుచున్నదో గమనింపవలెను. చుట్టులో ఎనిమిదవ వంతు సహింపవచ్చును, పావు దాటినచో గన్ మెటల్ నట్టు మార్పింపవలెను, అది చవుకపనియే. మూడు దవడల చక్ లోపల దవడలు ముందువైపు విప్పారినచో అది కడ్డీని వెనుక మాత్రమే పట్టి ముందు ఊగనిచ్చును. అయినను చక్ విడిగ దొరకు వస్తువు. దానికొఱకు మంచి బెడ్డును వదలుకొనుట అవివేకము. నాలుగు దవడల చక్, ఫేస్ ప్లేటు, స్టెడీ రెస్టు లేతుతోనే వచ్చుచున్నచో కొంత హెచ్చు ధర ఇచ్చినను నష్టములేదు, విడివిడిగ కొన్నప్పుడు వీని వెల లేతు వెలతో పోటీపడును. టెయిల్ స్టాక్ సెంటరును స్పిండిల్ సెంటరు దగ్గరకు తెచ్చి రెండు మొనలు కలియునా అని చూడవలెను. టెయిల్ స్టాక్ కొంచెము దిగియుండుట పాతవాటికి స్వభావము, అడుగున పలుచని రేకు వేసి ఎత్తవచ్చును.

ధర సంగతి. ఆ నాటి పోతయినుము తుక్కుధరను యంత్రపు బరువుతో హెచ్చవేసిన వచ్చునది వర్తకునకు అడుగుగట్టు. దానికి తక్కువకు అతడు ఇయ్యడు, కరగించువారికి ఇచ్చును. ఆ గట్టునకు పైన మనము ఇచ్చు ప్రతి రూపాయికిని బెడ్డో, స్పిండిలో, చక్రములో, సామగ్రియో సమాధానము చెప్పవలెను. రంగు చెప్పరాదు. క్రొత్త రంగు, అందును స్లైడులపై అతుకులపై ఒలికిన రంగు, నన్ను అనుమానమునకే పురికొల్పును. నూనె జిడ్డు, ఎండిన ధూళి పేరుకొనిన లేతునందు దాచుటకు ఏమియు ఉండదు.

ఇంటికి వచ్చు కరెంటు సాధారణముగ సింగిల్ ఫేజ్, 230 వోల్టులు. లేతు మోటారు త్రీ ఫేజ్, 415 వోల్టులు. దీనికి రెండు మార్గములు కలవు. సింగిల్ ఫేజ్ మోటారు మార్చుట సులభము, చవుక, వి.ఎఫ్.డి. అను డ్రైవును పెట్టి పాత మోటారునే నడపుట కొంత ఖర్చైనను నాకు ఇష్టము, ఏలనన వేగమును చేతిమరతో హెచ్చించి తగ్గింపవచ్చును. అయితే సింగిల్ ఫేజ్ నుండి పనిచేయు డ్రైవు 230 వోల్టులనే వెలువఱచును. స్టార్ పద్ధతిని కట్టిన మోటారును డెల్టాకు మార్చవలెను, ఆఱు తీగలును బయటికి వచ్చియున్నయెడలనే అది సులభము. తెలిసిన ఎలక్ట్రీషియనుచే చేయింపవలసిన పని. పాత లేతులలో కొన్నిటికి చక్ స్పిండిల్ ముక్కుపై మరతో బిగింపబడియుండును; అట్టివానిని వేగముగ వెనుకకు త్రిప్పినయెడల చక్ విప్పుకొని క్రిందపడును. ఈ సంగతి తెలియక వి.ఎఫ్.డి.లో రివర్సు నొక్కుట ప్రమాదకరము.

రవాణాలో లేతులు కోల్పోవునవి కాళ్ళు, చేతిచక్రములు. హెడ్ స్టాక్ వైపు బరువు అధికము గనుక యంత్రము ఒకవైపునకు తలబరువు. సాడిల్‌ను, టెయిల్ స్టాక్‌ను ఎదురు చివరకు జరిపి బిగించి, నడిమి బరువు చూచుకొని, బెడ్డు క్రింద పట్టీ వేసి హైడ్రా క్రేనుతో ఎత్తింపవలెను. లీడ్ స్క్రూ చుట్టు గొలుసు వేయనీయరాదు. కూలీలకు అదే చేతికి అందు కడ్డీ గనుక దానికే వేయుదురు. ఒక్క క్షణమున వంగిన స్క్రూ జన్మలో సరికాదు. డి.సి.ఎం. వాహనము ఇంటి ముందు నిలిచిన పిమ్మట, లావుపాటి ఇనుపగొట్టములను క్రింద దొర్లించుచు, తొందరలేని ఇద్దరు మనుష్యులు ఒక పెద్ద లేతును గదిలోనికి చేర్చగలరు. తొందరపడు పదిమంది చేర్చలేరు.

లేతును నిలుపు గది క్రింది అంతస్తున, కాంక్రీటు నేలతో ఉండవలెను. లేతు దగ్గర పంచెకట్టు, వ్రేలాడు చొక్కాచేతులు, మెడలోని తువ్వాలు, చేతిలోని గ్లవుజులు, ఉంగరములు అన్నియు శత్రువులే. చక్ తాళపుచెవిని చక్‌లోనే మఱచి స్విచ్చి నొక్కుట అన్నిటికన్న గొప్ప శత్రువు. తాళపుచెవి చక్‌లో నుండగా దానిపైనుండి చేయి తీయకుండుట మొదటి దినముననే అలవాటు కావలెను.

నిలిపిన తరువాత బెడ్డును మీటరునకు 0.02 మిల్లీమీటరు చూపు లెవెల్‌తో రెండు చివరల అడ్డముగ చూచి, కాళ్ళ క్రింది బోల్టులతో మెలి తీయవలెను. వర్తకుని కొట్టులో ఎగుడుదిగుడు నేలపై చెక్కి చూపిన కడ్డీ ఒకవైపు సన్నగిల్లినదని మనము తిట్టుకొన్న లేతే, ఇచట మెలి తీయగనే నిటారుగ చెక్కుట అపూర్వము కాదు. 40 మిల్లీమీటర్ల కడ్డీని చక్ నుండి ఒక జానెడు బయటికి నిలిపి, టెయిల్ స్టాక్ ఆధారము లేకయే సన్నని కోత కోసి, రెండు చివరలను మైక్రోమీటరుతో కొలువవలెను. చివర లావైనను సన్నమైనను టెయిల్ స్టాక్ వైపు ఒక బోల్టును పావు చుట్టు త్రిప్పి మరల కోసి మరల కొలువవలెను. తేడా మిల్లీమీటరులో నూఱవవంతులు రెంటికి దిగువకు వచ్చువఱకు ఇటులే చేయవలెను. క్రొత్తగ పోసిన కాంక్రీటైనచో కొన్ని వారములకు నేల సర్దుకొనును గనుక, అప్పుడు అదే కడ్డీతో ఇంకొకసారి కొలిచి, బోల్టులను బిగించుట మంచిది.